మేనరికంలో బ్లడ్ గ్రూపులు వేరైతే నిజంగా ఫర్వాలేదా? జన్యువుల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

మదనపల్లె అన్న, కేఆర్ పురం

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె, ఉద్యోగాల వల్ల బెంగళూరులో స్థిరపడ్డాం. మా చెల్లిని మా పెద్దత్త కొడుక్కే ఇవ్వాలని ఇంట్లో అనుకుంటున్నారు. అత్తంటే నాన్నకి సొంత అక్క. పిల్లలిద్దరికీ ఇష్టమే, చెల్లి చిన్నప్పటి నుంచీ బావా బావా అంటూనే పెరిగింది, కాబట్టి బలవంతం అనే మాటే లేదు. నా టెన్షన్ అంతా రేపు పుట్టబోయే పిల్లల గురించి. ఆ మాట ఎత్తితే అమ్మ, అత్త ఇద్దరిదీ ఒకటే సమాధానం: "పిల్లది ఓ పాజిటివ్, పిల్లోడిది బి పాజిటివ్, గ్రూపులు వేరే కదా, ఇంకేం భయం?" నాన్న ఇంకో మాట అంటాడు, తాతా నానమ్మలది కూడా మేనరికమే, సొంత మేనత్త మేనమామ పిల్లలే, మనింట్లో ఎవరికైనా ఏమైనా వచ్చిందా అని.

తెలిసిన డాక్టరమ్మని అడిగితే ఆటోసోమల్ రిసెసివ్, క్యారియర్, హెటెరోజైగస్ అంటూ ఐదు నిమిషాలు చెప్పి, జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళమన్నారు. నేను చదివింది కామర్స్. ఈ మాటలకి అర్థం ఏమిటో, మా చెల్లి విషయంలో అవి ఎలా వర్తిస్తాయో ఎవరైనా విడమరిచి చెప్తే ఇంట్లో కూర్చుని మాట్లాడగలను. ఇంకొకటి, మా బాబాయి అంటాడు, మన వైపు వందల ఏళ్ళుగా మేనరికాలు చేసుకుంటూనే ఉన్నాం, చెడ్డ జన్యువులు ఉండుంటే ఈపాటికి వడగట్టుకుపోయి ఉండాలి అని. వినడానికి సబబుగానే ఉంది. నిజమేనా?

బయాలజీ మేడం, జయనగర్

హైస్కూల్లో నేను చెప్పే పాఠమే ఇది, కొంచెం ఓపిగ్గా చదవండి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు ఉంటాయి, జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు వాటి మీద సుమారు 20,000 ఉన్నాయి. అంటే మగవాళ్ళలో ఎక్స్, వై క్రోమోజోముల మీదవి వదిలేస్తే, ప్రతి జన్యువూ మన దగ్గర రెండు కాపీలు ఉంటుంది. ఒకే జన్యువు అందరిలోనూ అక్షరం అక్షరం ఒకేలా ఉండదు, దానికి ఉన్న ఒక్కో రూపాన్ని అల్లీల్ అంటారు. గ్రూపు నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోము మీద ఉంది, దానికి ఏ, బి, ఓ అని మూడు ముఖ్యమైన అల్లీల్స్. రెండు కాపీలూ ఒకే రకమైతే హోమోజైగస్, వేరువేరైతే హెటెరోజైగస్. లోపల ఉన్న ఆ జత జన్యురూపం, ల్యాబ్ రిపోర్టులో బయటికి కనబడేది దృశ్యరూపం. మీ బావది బి గ్రూపు అంటే లోపల బి-బి అయినా కావచ్చు, బి-ఓ అయినా కావచ్చు, రిపోర్టు చూసి చెప్పలేం. మీ చెల్లిది మాత్రం ఓ-ఓ, అందులో సందేహం లేదు.

బి-ఓ ఉన్నవాళ్ళలో బయటపడేది బి, ఓ వెనక్కి తగ్గుతుంది. అలా బయటపడేదాన్ని బహిర్గతం (డామినెంట్), వెనక్కి తగ్గేదాన్ని అంతర్గతం (రిసెసివ్) అంటాం. ఓ వెనక్కి ఎందుకు తగ్గుతుందో చూస్తే మీ డాక్టరమ్మ చెప్పిన రిసెసివ్ అర్థమవుతుంది. ఏ, బి అల్లీల్స్ ఒక్కోటి ఒక్కో ఎంజైమ్‌ని తయారుచేస్తాయి, ఆ ఎంజైమ్ ఎర్ర రక్తకణాల మీద ఒక చక్కెర అణువుని తగిలిస్తుంది. ఎక్కువగా కనబడే ఓ అల్లీల్‌లో డీఎన్ఏ అక్షరం ఒక్కటే ఒక్కటి ఎగిరిపోయింది. డీఎన్ఏని కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది కాబట్టి అక్కడి నుంచి వరస మొత్తం తప్పి, పనికొచ్చే ఎంజైమ్ రాదు. అయినా రెండో కాపీ బి అయితే అది తన పని తను చేస్తుంది, మనిషి బి గ్రూపే. అపార్ట్‌మెంట్‌కి రెండు బోర్ మోటార్లు ఉంటే ఒకటి కాలిపోయినా ట్యాంకు నిండుతుంది, కాలిపోయిందని పై అంతస్తు వాళ్ళకి తెలియను కూడా తెలియదు, రెండోదీ పోయిన రోజే కొళాయి ఎండుతుంది. చాలా జన్యు వ్యాధులు ఈ పద్ధతిలోనే వస్తాయి. ఓ గ్రూపుకి ఎంజైమ్ లేకపోయినా నష్టం లేదు, కానీ హిమోగ్లోబిన్ జన్యువు రెండు కాపీలూ పాడైతే పాపాయికి తలసీమియా మేజర్, అంటే జీవితాంతం రక్తం ఎక్కించాల్సి వచ్చే తీవ్రమైన రక్తహీనత. ఒక కాపీ మాత్రమే పాడైనవాళ్ళు క్యారియర్లు. వాళ్ళు మామూలుగానే ఉంటారు, పరుగెత్తుతారు, ఎనభై ఏళ్ళు బతుకుతారు. లింగ క్రోమోజోములు కాకుండా మిగతా 22 జతల మీద ఉన్న జన్యువుతో ఇలా జరిగితే ఆటోసోమల్ రిసెసివ్ అంటారు. ఇద్దరు క్యారియర్లకి పెళ్ళయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకి పాడైన కాపీలే రెండూ రావడానికి.

ఇప్పుడు మీ ఇంటి మాటకి వద్దాం. గ్రూపు అన్నది 20,000లో ఒక జన్యువు. అది వేరుగా ఉన్నంత మాత్రాన మిగతావి వేరని ఎలా అంటాం? నాన్న ఏ-ఓ, అమ్మ బి-ఓ అయితే సొంత అన్నదమ్ములు నలుగురికీ ఏ, బి, ఏబి, ఓ నాలుగు గ్రూపులూ రావచ్చు. తోడబుట్టినవాళ్ళకే వేరు గ్రూపులు ఉంటే, గ్రూపు చూసి చుట్టరికం లేదనుకోవడం ఎలా కుదురుతుంది?

అత్త కొడుకు, మేనమామ కూతురు అంటే తాతా నానమ్మలు ఇద్దరికీ ఒకరే. తాత దగ్గరున్న ఒక పాడైన కాపీ ఇటు మీ నాన్న ద్వారా చెల్లికీ, అటు అత్త ద్వారా బావకీ దిగి, మళ్ళీ ఒకే బిడ్డలో కలిసే అవకాశం ఉంది. లెక్క కడితే, పుట్టే బిడ్డలో ఏ జన్యువు తీసుకున్నా, రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి కావడానికి అవకాశం 16లో ఒక వంతు. 20,000 జన్యువుల్లో సగటున 1,250. అదే మేనమామ తన అక్క కూతుర్నే చేసుకుంటే 8లో ఒక వంతు. మీ తాతా నానమ్మలది కూడా మేనరికం అంటున్నారు కాబట్టి మీ విషయంలో 16 కాస్తా దాదాపు 14లో ఒక వంతుకి వస్తుంది. నాన్నగారు ధైర్యం కోసం చెప్పిన మాట లెక్కలో కొంచెం భారమే అవుతోంది, ఆయనకి మెల్లగా చెప్పండి.

గ్రూపు నిజంగా పట్టించుకోవలసిన చోటు ఒకటుంది, అది చుట్టరికంతో సంబంధం లేనిది. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారై తర్వాతి కాన్పుకి ప్రమాదం, అందుకే 28వ వారంలో, కాన్పయ్యాక 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. మీవాళ్ళిద్దరూ పాజిటివే, ఆ గొడవ లేదు.

సెకండ్ పీయూసీ, విజయనగర్

మేడం, మధ్యలో నా డౌట్ కూడా అడుగుతున్నా. ఓ అంతర్గతం, ఏ, బి బహిర్గతం అన్నారు. మరి మా క్లాసులో చూస్తే ఓ గ్రూపు వాళ్ళే ఎక్కువ. మెండెల్ బఠాణీల్లో బహిర్గతం 3, అంతర్గతం 1 వస్తుంది కదా, అలా తరాలు గడిచేకొద్దీ ఓ తగ్గిపోవాలి కదా? నీట్‌కి ప్రిపేర్ అవుతున్నా, ఫార్ములా తెలుసు, కానీ ఇది మాత్రం బుర్రకెక్కడం లేదు.

జీకేవీకే పీహెచ్‌డీ

తమ్ముడూ, నీ డౌట్, ఆ అన్నగారి బాబాయి వాదన, రెండిటికీ వేరు ఒక్కటే, అందుకే కలిపి రాస్తున్నాను.

నువ్వడిగిన ప్రశ్ననే 1908లో లండన్‌లో యూల్ అనే గణాంకవేత్త లేవనెత్తాడు. పన్నెట్ అని, మనం గళ్ళు గీసుకుంటామే ఆ పన్నెట్ స్క్వేర్ ఆయన, మెండెల్ సూత్రాల మీద ప్రసంగిస్తే, పొట్టి వేళ్ళు అనే లక్షణం బహిర్గతమైతే కొన్నాళ్ళకి నలుగురిలో ముగ్గురికి పొట్టి వేళ్ళే రావాలి కదా అన్న మాట వచ్చింది. పన్నెట్ దీన్ని కేంబ్రిడ్జిలో తనతో క్రికెట్ ఆడే గణిత మేధావి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన హార్డీ, తర్వాత మన రామానుజన్‌ని మద్రాసు నుంచి పిలిపించుకున్న హార్డీయే. ఆయనకది చిన్న గుణకారం. అదే ఏడాది జర్మనీలో వైన్‌బర్గ్ అనే డాక్టర్ కూడా విడిగా ఇదే తేల్చాడు, అందుకే ఇద్దరి పేరూ కలిపి హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం అంటాం.

నువ్వే వేసి చూడు. ఒక ఊళ్ళో ఈ జన్యువు కాపీలు నూటికి 60 ఓ, మిగతా 40 ఏ లేదా బి అనుకో. ఎవరు ఎవర్ని చేసుకున్నా గ్రూపు చూసి చేసుకోరు అనుకుంటే, రెండు కాపీలూ ఓ అయ్యేవాళ్ళు 0.6 × 0.6, అంటే నూటికి 36 మంది. ఒకటి ఓ, ఇంకొకటి వేరే ఉన్నవాళ్ళు 48 మంది. తర్వాతి తరానికి 36 మంది ఓ మాత్రమే ఇస్తారు, 48 మంది సగంసార్లు ఓ ఇస్తారు. 36కి 24 కలిపితే మళ్ళీ 60. ఎన్ని తరాలు తిప్పినా 60 అరవైగానే ఉంటుంది. మెండెల్‌కి 3:1 వచ్చింది ఆయన తోటలో రెండు అల్లీల్స్‌నీ సగం సగం పెట్టి మొదలుపెట్టాడు కాబట్టి. ఏది బహిర్గతం అన్నది ఒక మనిషి ఒంట్లో రెండు కాపీల మధ్య తేలే విషయం, ఏది ఎక్కువమందిలో ఉంది అన్నది జనాభా మొత్తం మీద తేలేది. మరుగుజ్జుతనం తెచ్చే అకాండ్రోప్లేసియా బహిర్గతమే, అయినా వేల కాన్పుల్లో ఒకటి, అందులోనూ ఎక్కువమంది మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకి కొత్త మ్యుటేషన్ (డీఎన్ఏలో కొత్తగా వచ్చిన మార్పు) వల్ల పుట్టినవాళ్ళే. దక్షిణ అమెరికా ఆదివాసీల్లో అంతర్గతమైన ఓ దాదాపు అందరిలోనూ ఉంది.

మరి ఆ 60 అసలు మారదా అంటే మారుతుంది, తరాల మీద అల్లీల్స్ నిష్పత్తి మారడాన్నే పరిణామం అంటారు. కోతి మనిషయ్యాడా లేదా అన్న వాదనలో పడి జనం ఈ మాట మర్చిపోతారు, నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే పరిణామాన్ని ల్యాబ్‌లో సీసాల్లో పెంచిన ఈగల్లో కొలుస్తాం, లెక్కగట్టి చూపిస్తాం. మార్చేవి నాలుగు: కొత్తగా వచ్చే మ్యుటేషన్, వలస, ప్రకృతి వరణం (బతికి పిల్లల్ని కన్నవాళ్ళ కాపీలే తర్వాతి తరాలకి వెళ్ళడం), కేవలం అదృష్టం. ఈ చివరిదాన్ని జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు, గుంపు ఎంత చిన్నదైతే అంత జోరుగా పనిచేస్తుంది. కొద్దిమంది వెళ్ళి కొత్త చోట స్థిరపడితే వాళ్ళ దగ్గర ఏ కాపీలు ఉన్నాయో అవే తర్వాత లక్షలమందిలో కనిపిస్తాయి, మంచివా చెడ్డవా అన్నదానితో పని లేదు.

ఇక బాబాయిగారి వడగట్టడం. పదివేల మందిలో ఒకరికి వచ్చే అంతర్గత వ్యాధి తీసుకోండి. రెండు కాపీలూ పాడవ్వాలి, కాబట్టి పాడైన కాపీ నిష్పత్తి వందలో ఒకటి. అప్పుడు క్యారియర్లు? దాదాపు 50 మందికి ఒకరు. జబ్బు మనిషి ఒకరైతే, ఏ లక్షణమూ లేకుండా తిరిగేవాళ్ళు రెండు వందల మంది. ప్రకృతి వరణానికి జబ్బు మనిషే దొరుకుతాడు, ఆ రెండు వందల మంది దొరకరు. జబ్బున్న పిల్లలు ఒక్కరు కూడా పెరిగి పెద్దవాళ్ళు కాలేదనుకున్నా, వందలో ఒకటిగా ఉన్న కాపీ రెండు వందల్లో ఒకటికి తగ్గడానికి 100 తరాలు పడుతుంది. తరానికి పాతికేళ్ళు వేసుకున్నా 2,500 ఏళ్ళు. మేనరికాలు ఎక్కువైతే పాడైన కాపీలు తొందరగా బయటపడి కొంచెం వేగంగా తగ్గుతాయి, నిజమే, దక్షిణ భారతం విషయంలో శాస్త్రవేత్తలు కూడా ఈ ప్రశ్న వేసుకున్నారు. కానీ ఆ తగ్గడం అన్న మాటకి అర్థం ఏమిటో ఒకసారి ఆలోచించండి, ప్రతి తగ్గుదలా ఎవరో ఒకరి ఇంట్లో పోయిన పసిబిడ్డ. పైగా ప్రతి బిడ్డా అమ్మానాన్నల్లో లేని కొత్త మ్యుటేషన్లు అరవై డెబ్బై తెచ్చుకుంటూ పుడుతుంది, వాటిలో ఎక్కువ భాగం ఏమీ చేయవు, కొన్ని చేస్తాయి. వడకట్టే పని ఎప్పటికీ పూర్తవదు.

ఇంకో చిక్కు, కొన్ని చెడ్డ కాపీలు ఒక్కటే ఉన్నప్పుడు మేలు చేస్తాయి. సికిల్ సెల్ అనే రక్త వ్యాధి మన దేశంలో మొదట బయటపడింది 1952లో, నీలగిరి కొండల ఆదివాసీల్లో. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల గుండ్రటి కణం కొడవలిలా వంగుతుంది. రెండు కాపీలు ఉంటే నరకం, ఒక్కటి ఉంటే ప్రాణాంతకమైన మలేరియా నుంచి రక్షణ. మలేరియా ఉన్నంతకాలం ప్రకృతి వరణమే ఆ కాపీని కాపాడుతూ వచ్చింది.

మదనపల్లె అన్న, కేఆర్ పురం

మేడం గారికి, జీకేవీకే గారికి చాలా థ్యాంక్స్, రాత్రి చెల్లికి చదివి వినిపించాను. రెండు విషయాలు అడగాలి. బయటి సంబంధం చేసుకుంటే ఇవేవీ ఉండవా? రెండోది, మీ పోస్టులు చదివి అమ్మ నెమ్మదిగా ఒక సంగతి బయటపెట్టింది. మా చిన్నత్తకి, అంటే నాన్న చెల్లెలికి, పెద్ద కొడుకు ఒకడు పుట్టాడట, ఆర్నెల్ల నుంచి తెల్లగా పాలిపోయి, నెలనెలా రక్తం ఎక్కించేవాళ్ళట, మూడేళ్ళు నిండకుండానే పోయాడు. చిన్నత్తని ఇచ్చింది మాత్రం బయటి సంబంధమే. నాన్న ముందు ఆ బాబు పేరు ఎవరూ ఎత్తరు కాబట్టి నాకింతవరకూ తెలియదు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా?

జెనెటిక్ కౌన్సెలర్, బెంగళూరు

అన్నా, అమ్మగారు చెప్పింది అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం. ఆర్నెల్ల వయసులో పాలిపోవడం, నెలనెలా రక్తం, ఇది వినగానే మేము మొదట అనుకునేది బీటా తలసీమియా మేజర్. ఇప్పుడు రిపోర్టులు లేవు కాబట్టి అదేనని చెప్పడం తప్పు, కానీ అదే అనుకుని పరీక్ష చేయించడం తప్పనిసరి.

మేము కౌన్సెలింగ్‌లో మొదటి అరగంట కాగితం మీద వంశవృక్షం గీస్తాం. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా, చుట్టరికంలో పెళ్ళయితే ఇద్దరి మధ్య జంట గీత, జబ్బున్నవాళ్ళ గుర్తు నల్లగా నింపుతాం, పోయినవాళ్ళ మీద అడ్డంగా ఒక గీత. పోయిన పిల్లలు, నిలవని కడుపులు, చెవుడు, ఏమీ దాచకుండా చెప్పమంటాం. చాలా ఇళ్ళలో "మావాళ్ళలో ఎవరికీ లేదు" అన్న తర్వాత పది నిమిషాలకి పక్కనున్న అమ్మమ్మో పెద్దమ్మో ఇలాంటి ఒక మాట అంటారు.

మీ కాగితం నేను గీస్తాను. బాబుకి తలసీమియా అయితే చిన్నత్త ఖాయంగా క్యారియర్. అది ఆమెకి మీ తాత నుంచో నానమ్మ నుంచో వచ్చింది, కాబట్టి మీ నాన్న క్యారియర్ కావడానికి సగం అవకాశం, పెద్దత్తకీ అంతే. మీ చెల్లికి నాలుగింట ఒకటి, బావకి నాలుగింట ఒకటి. ఇద్దరూ క్యారియర్లు కావడానికి 16లో ఒకటి, బిడ్డకి మేజర్ రావడానికి 64లో ఒకటి. మన దేశంలో తలసీమియా క్యారియర్లు నూటికి సగటున ముగ్గురు నలుగురు ఉంటారు, ఆ లెక్కన ఏ చుట్టరికమూ లేని జంటకి ఇదే అవకాశం మూడువేల పైచిలుకులో ఒకటి. తేడా మీకే కనబడుతోంది.

అయితే ఈ వంతులన్నీ పరీక్ష చేయించనంతవరకే. ఇద్దరూ సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి, హిమోగ్లోబిన్ ఏ2 భాగం 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్ అంటాం. రక్తంలో ఐరన్ బాగా తక్కువుంటే ఆ అంకె కిందికి దిగి మోసం చేస్తుంది, కాబట్టి రిపోర్టు డాక్టర్‌కి చూపించే తేల్చుకోండి. ఒక్కరు క్యారియర్ కాకపోయినా ఈ వ్యాధి వరకు భయం పోయినట్టే. ఇద్దరూ అయితే పెళ్ళి మానుకోమని మేము చెప్పం, అది వాళ్ళిద్దరి నిర్ణయం. పదకొండో వారం ప్రాంతంలో మావి నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ పరిస్థితి తెలుసుకునే పరీక్ష ఉంది, అది కూడా ముందే చెప్తాం. మిగతా వ్యాధుల కోసం చాలా జన్యువుల్ని ఒకేసారి చూసే క్యారియర్ స్క్రీనింగ్ కూడా ఉంది, దగ్గరి చుట్టరికం కాబట్టి దాని గురించీ అడగండి. ఎలక్ట్రానిక్ సిటీలో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ ఉంది, పెద్ద ఆసుపత్రుల్లో కూడా జెనెటిక్స్ విభాగాలు ఉంటాయి, పెళ్ళికి ముందే వెళ్ళండి, కడుపుతో ఉన్నప్పుడు పరుగెత్తడం చాలా కష్టం.

బయటి సంబంధం గురించి: ఏ జంటకైనా బిడ్డ పుట్టుకతో పెద్ద లోపంతో పుట్టే అవకాశం సుమారు 3 శాతం ఉంటుంది, దగ్గరి మేనరికంలో దానికి ఇంకో రెండు మూడు శాతం కలుస్తుంది. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, మీ అమ్మగారు చుట్టూ చూసి చెప్పేది కూడా అదే. అలాగని బయట చేసుకుంటే సున్నా అవదు, మీ చిన్నత్తదే చూడండి. పైగా మన దగ్గర బయటి సంబంధం అన్నా అదే కులంలోనే కదా. వైశ్యుల్లో సక్సినిల్‌కోలిన్ అనే మత్తు సమయంలో వాడే మందుని విరగ్గొట్టే ఎంజైమ్ లేనివాళ్ళు మామూలు కన్నా ఎక్కువ, కొద్ది నిమిషాల్లో తగ్గాల్సిన కండరాల సడలింపు గంటల తరబడి ఉండిపోతుంది. ఎప్పుడో కొద్దిమందితో మొదలైన గుంపు లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ పెరగడం వల్ల ఇలా జరుగుతుందని హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు, మన దేశంలో ఇలాంటి గుంపులు చాలా ఉన్నాయని కూడా.

మదనపల్లె అన్న, కేఆర్ పురం

ఈ శనివారం ఇద్దరినీ తీసుకెళ్తున్నాను, బావే ముందు సరేనన్నాడు. చిన్నత్తకి రెండో కొడుకు ఉన్నాడు, ఇంజనీరింగ్ మూడో ఏడు, చక్కగా ఉన్నాడు. వాడికి కూడా చేయించాలా? వాడికీ సగం అవకాశమేనా?

సెకండ్ పీయూసీ, విజయనగర్

అన్నా, ఇది నేను చెప్పొచ్చా? సగం కాదు, మూడింట రెండు. అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లైతే నాలుగు గళ్ళు: ఒకటి జబ్బు, రెండు క్యారియర్, ఒకటి పూర్తిగా మంచిది. ఆ అన్నకి జబ్బు లేదని మనకి ముందే తెలుసు కాబట్టి మొదటి గడి కొట్టేయాలి, మిగిలిన మూడింటిలో రెండు క్యారియర్.

జెనెటిక్ కౌన్సెలర్, బెంగళూరు

కరెక్ట్. అతన్నీ తీసుకురండి, కుదిరితే చిన్నత్తనీ. ఆమె రిపోర్టులో ఏ2 ఎక్కువుంటే బాబుకి వచ్చింది తలసీమియానే అన్న అనుమానం బాగా బలపడుతుంది, పాత కాగితాలు దొరకకపోయినా మన లెక్కకి ఆధారం దొరుకుతుంది.